గ్యారంటీ సింహం

(హన్మకొండ, హంటర్ రోడ్డు దగ్గర ఒక ఇల్లు. మామ అటవీశాఖలో చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువ భాగం తాడ్వాయి, ఏటూరునాగారం వైపే గడిచింది. మేనకోడలు బ్యాంకు ఉద్యోగి. అమ్మానాన్నలను ఆఫ్రికా సఫారీకి తీసుకుపోవాలని మూడు కొటేషన్లు తెప్పించుకుంది. మొదటి కాయితం సగం చదివేసరికే మామ కళ్లజోడు తీసేశాడు.)

మామ: ఏడు రాత్రులకు మూడు పార్కులు. కింద సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిబర్రె అని రాసి ఒక్కోదాని పక్కన టిక్కు. ఏం బిడ్డా, అడవికి పోతున్నవా, సూపర్ మార్కెట్‌కు పోతున్నవా?

మేనకోడలు: ఎగతాళి చెయ్యకు మామా. బాపు సర్వీసంతా బడిల జీబ్రాల మందలను బోర్డు మీద గీసి చూపిండు, కంటితోని ఒక్కటి చూడలే. ఇంత పైసలు పెడుతున్నప్పుడు ఏం చూస్తమో తెలుసుకోవద్దా?

మామ: తెలుసుకో. కానీ అంత దూరం ఎందుకని నా ప్రశ్న. నర్సంపేట దాటితే పాకాల. గణపతిదేవుని కాలంల కట్టిన చెరువు, దాని చుట్టూ అభయారణ్యం. ములుగు దాటితే తాడ్వాయి, ఆ పైన గోదావరి దాక ఏటూరునాగారం అడవి, ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు పైనే. రెండూ 1950లల్లనే అభయారణ్యాలైనయి. మన ఊరోళ్లు ఎంతమంది లోపటికి పోయి చూసిన్రు? లక్నవరం చెరువుల వేలాడే వంతెన మీద ఫొటో దిగుతరు, బొగత జలపాతంల తానం చేస్తరు, ఇంటికొస్తరు.

మేనకోడలు: పోత సరే, పోతే ఏం కనబడుతది? నువ్వు అన్నేండ్లు ఆ అడవిల తిరిగినవ్. పులిని కంటితోని ఎన్నిసార్లు చూసినవ్, నిజం చెప్పు.

మామ: అడుగులు చూసిన. గోళ్లతోని గీరిన చెట్లు చూసిన. కొట్టి పడేసిన ఎడ్లను చూసి నష్టపరిహారం కాయితాలు రాసిన.

మేనకోడలు: చూసినవా, ఇగ పులి ఊసు రాలే. 2022 లెక్కల్ల తెలంగాణ మొత్తానికి 21 పులులు. పక్కన మహారాష్ట్రల 444. మన దిక్కు గోదావరి దాటి ఒక పులి వస్తే పేపర్ల మొదటి పేజీ వార్త. బాపుకు మోకాళ్ల నొప్పులు, అమ్మకు బీపీ. అడుగులు చూపిస్త రమ్మంటే వాళ్లు తాడ్వాయి దాక వస్తరా?

మామ: కనబడకపోవుడు అడవి తప్పు కాదు. మనది టేకు, వెదురు అడవి. ఐదు గజాల అవతల అడవిదున్న నిలబడ్డా తెల్వది. కెన్యాల మారా, టాంజానియాల సెరెంగెటి అట్ల కాదు. అది గడ్డినేల. అక్కడ జంతువు దాక్కొని బతకది, మందల కలిసి బతుకుతది. వైల్డ్‌బీస్టులే 13 లక్షలంటరు. వాన ఎటు పడితే గడ్డి అటు, గడ్డి ఎటుంటే అవి అటు. వాటి వెంట సింహాలు, దుమ్ములగొండ్లు. మన అడవిల వినాలె, అక్కడ చూడొచ్చు.

మేనకోడలు: మరి నా వాదన నువ్వే చెప్పినవ్ కదా! అరవై దాటినోళ్లు బండిల కూసోని చూడగలిగేది ఆ గడ్డినేలనే.

మామ: ఆగు. బాగా కనబడే కాడనే సఫారీ పాడైతది. కనబడకపోతే చూపియ్యమని ఎవరు గలాటా చేస్తరు? కనబడుతదని తెలిసినంక ప్రతి ఒక్కనికి కావాలె, ఇంకా దగ్గరగ కావాలె, పక్కబండోని కన్న ముందు కావాలె. 2024 డిసెంబరు 31న నాగపూర్ దిక్కు ఉమ్రేడ్-పౌనీ-కర్‌హాండ్ల అభయారణ్యంల ఏమైంది? ఒక ఆడపులి పిల్లలతోని రోడ్డు మీదికొచ్చింది. ముందర జిప్సీలు, వెనుక జిప్సీలు. పోయే తొవ్వ లేదు. వీడియో బయటికొస్తే బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి తనంత తానే కేసు తీసుకున్నది. ఆ బండ్లల్ల కూసున్నోళ్లు దుర్మార్గులా? నీలాంటోళ్లే, పైసలు కట్టి పిల్లలను తీసుకొని పోయినోళ్లే.

మేనకోడలు: తప్పు చేసిన డ్రైవర్లను, గైడ్లను సస్పెండ్ చేసిన్రు, జరిమానాలేసిన్రు. 2012 జులైల సుప్రీంకోర్టు పులుల రిజర్వుల కోర్ అడవులల్ల టూరిజం ఆపించింది, అక్టోబరుల మళ్ల తెరిపించింది. అప్పుడొచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోర్‌ల ఐదో వంతు కన్న ఎక్కువ టూరిజానికి ఇయ్యొద్దు. 2025 నవంబరుల సుప్రీంకోర్టే రాత్రి సఫారీలు వద్దన్నది, కోర్ టూరిజం జోన్లల్ల సెల్‌ఫోన్లు వద్దన్నది. మన దేశంల నియమాలకు కరువు లేదు.

మామ: నియమానికి కరువు లేదు, అమలుకే కరువు. జంతువుకు 20 మీటర్ల దూరంల బండి ఆపాలె అని రాసిపెట్టిన్రు. అది కొలిచేదెవరు, టిప్పు కోసం ఉరికే గైడా? మారాల ఒక జంతువు దగ్గర ఐదు బండ్లు మించొద్దని నియమం. వైల్డ్‌బీస్టులు నది దాటే కాలంల ఒడ్డున ఎన్ని బండ్లు నిలబడతయో వీడియోలు చూడు. 2025 జులైల సెరెంగెటిల టూరిస్టులు బండ్లు దిగి ఒడ్డున నిలబడితే ఆ జంతువులకు తొవ్వ దొరకలే. లోకమంతా తిట్టింది. తిట్టినోళ్లల్ల సగంమంది వచ్చే ఏడు అదే ఒడ్డుకు టికెట్లు తీసుకునేటోళ్లే.

మేనకోడలు: అట్లయితే ఎవ్వరూ పోవద్దంటవా? కెన్యా 1977ల వేటను నిషేధించింది. తుపాకి పైసలు ఆగినంక ఆ నేలకు వచ్చేది కెమెరా పైసలే. అవి కూడ రాకపోతే గడ్డినేల గోధుమ చేను అయితది, కంచె పడుతది. ఇంట్ల కూసున్నోడు అడవిని కాపాడినట్టు కాదు మామా.

మామ: అది ఒప్పుకుంట. పోవద్దని ఇగ అనను. ఈ కాయితం పట్టుకొని పోవద్దంట. మిగిలిన రెండు ఇయ్యి ఇటు.

మేనకోడలు: ముందు మొదటిదానికేం తక్కువైందో చెప్పు. మూడింటిల చవక అదే.

మామ: నైరోబీ నుంచి మారాకు ఐదారు గంటలు. అక్కడ నుంచి ఖడ్గమృగాల కోసం నకురు చెరువు. నకురు నుంచి మళ్ల నైరోబీ దాటి దక్షిణానికి, ఏనుగుల వెనుక కిలిమంజారో కొండ కనబడాలని అంబోసెలీ. పగలు సగం రోడ్డు మీదనే పోతది. బండేమో పైకప్పు లేచే మినీవ్యాను, ఏడుగురు. కప్పు లేస్తే అందరు నిలబడి చూడొచ్చంటరు. బావకు మోకాళ్ల నొప్పులు, ఎంతసేపు నిలబడతడు? కూసుంటే కిటికీ ఎవరికొస్తది? ఇంకొకటి, మారాల నేల నల్లరేగడి. మన పత్తిచేన్లల్ల వానకాలం ట్రాక్టరు దిగబడ్డట్టే అక్కడ వ్యాను దిగబడుతది. వాన పడ్డ రోజు ల్యాండ్ క్రూజర్ పోయిన తొవ్వల ఈ వ్యాను పోలేదు.

మేనకోడలు: ల్యాండ్ క్రూజర్ అంటే రేటు ఎంత పెరుగుతదో తెలుసా?

మామ: ఒక పార్కు తగ్గించు, దాంట్లనే వస్తది. మూడు పార్కులల్ల రెండు రాత్రుల చొప్పున ఉరుకుడు కన్న ఒక్క కాడ నాలుగైదు రాత్రులుండు. మొదటి రోజు నువ్వు జంతువులను లెక్కపెడతవ్. మూడో రోజుకు అదే సింహాల గుంపుల ముసలిదేదో, కుంటేదేదో గుర్తుపడతవ్.

మేనకోడలు: రెండో కాయితం అట్లాంటిదే. మారా రిజర్వును ఆనుకొని కన్జర్వెన్సీలు, నబోయిషో, ఒలారే మొటొరోగి లాంటివి. మసాయి కుటుంబాల సొంత భూములు. క్యాంపులోళ్లు కలిసి కౌలుకు తీసుకుంటరు, నెలనెలా పైసలు కడతరు. ఇన్ని ఎకరాలకు ఇన్ని గదులే అని కట్టుబాటు. బయటి బండ్లు రావు. తొవ్వ దిగి గడ్డిల పోనిస్తరు, రాత్రి డ్రైవ్ ఉంటది, కాలినడక ఉంటది. రిజర్వు లోపట ఇవేవీ ఉండవు. కానీ రేటు చూస్తే కళ్లు తిరిగినయి, పక్కన పెట్టేసిన.

మామ: నేనైతే అదే ముందు పెడత.

మేనకోడలు: గోదావరి ఒడ్డున అడుగులు చూసుకుంట బతికిన మనిషివి, అందరికన్న ఖరీదైన క్యాంపు చూపెడుతున్నవా!

మామ: ఖరీదైనదని కాదు, బండ్లు తక్కువని. అయితే తొవ్వ దిగి గడ్డిల పోనిస్తరన్నది నాకు నచ్చలే. ఒక బండి పోయిన గీత మీద ఇంకో బండి పోతది, గీత బాట అయితది. నేలమీద గూడు పెట్టే పిట్ట సంగతి ఎవరూ అడగరు.

మేనకోడలు: తొవ్వ దిగకపోతే ఏమైతదో మన దేశంల చూస్తలేమా? రోడ్డు మీద పులి నిలబడితే ఇరవై బండ్లు ఒకదాని వెనుక ఒకటి. అక్కడ రెండు బండ్లు గడ్డిల దిగి దూరం నుంచి చూసి వెళ్లిపోతయి. ఏది నయం?

మామ: ...రెండు బండ్లే అని ఖాయంగ ఉంటే నీదే నయం. మూడోది చెప్పు.

మేనకోడలు: మూడోది క్రూగర్, దక్షిణాఫ్రికా. నాకు అన్నిటికన్న నచ్చింది అదే. దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. 1926 నుంచి నేషనల్ పార్కు. కారు కిరాయికి తీసుకొని మనమే నడుపుకోవచ్చు, అక్కడ కూడ మన లెక్కనే ఎడమ పక్క. తారురోడ్డు మీద 50, మట్టిరోడ్డు మీద 40 దాటొద్దు, బండి దిగొద్దు, గేటు మూసే లోపు క్యాంపుకు రావాలె. ఏ గైడూ తొందరపెట్టడు, ఏ గైడుకూ టిప్పు ఇయ్యనక్కర లేదు. కాసేపటి కింద నువ్వు తిట్టింది గైడ్లనే కదా?

మామ: గైడు లేకుండ పోతే ఏం చూస్తవ్? రోడ్డు మీదికొచ్చిన ఏనుగును చూస్తవ్, రోడ్డు పక్కన జింకలను చూస్తవ్. అవతల నాలుగు కార్లు ఆగి ఉంటే నువ్వూ ఆపుతవ్. అంటే ముందున్న కారోడు నీకు గైడు. చెట్టుమీద చిరుత తోక ఒక్కటే వేలాడుతుంటే అది కొమ్మ కాదని నీకెవరు చెప్పాలె?

మేనకోడలు: ఇప్పుడే గైడు పాడుచేస్తడన్నవ్, ఇప్పుడు గైడు లేకపోతే గుడ్డోళ్లమంటున్నవ్. ఒక్క మాట మీద నిలబడు మామా.

మామ: నిలబడే ఉన్న. గైడు తొందరపడేది తనంత తాను కాదు, నువ్వు తొందరపెడితే. జంతువు చూపెడితేనే టిప్పు అన్న కాడ వాడు డ్రైవర్ల ఫోన్ల మీద బతుకుతడు. అడవిని చదవడు, ఫోన్ చదువుతడు. వాడు నీకు జవాబుదారీనా, అడవికి జవాబుదారీనా అన్నదే తేడా. నియమం తప్పితే రేపు లోపటికి రానియ్యరన్న భయం ఉండాలె. టూరిస్టు అరిచినా బండి ఆపి ఉంచే ధైర్యం ఉండాలె.

మేనకోడలు: అట్లాంటి గైడ్లుంటరా?

మామ: నువ్వు మహారాష్ట్రల తాడోబ పోయినప్పుడు చూడలేదా? ఆ రోజుల్ల ఒకామె మీద కోపంగ చెప్పినవ్ నాకు.

మేనకోడలు: ఆమెనా! మొహర్లీ గేటు నుంచి పోయినం. కాజీపేటల రైలెక్కితే బల్లార్షా దాటంగనే చంద్రాపూర్, అక్కడ నుంచి కారు. పొద్దుగాల మస్తు చలి. గైడు ఆ పక్క ఊరి ఆమెనే. ఒక మలుపు కాడ ఇంజిన్ బంద్ చెయ్యమన్నది. టేకు చెట్టు పైకొమ్మ మీద కొండముచ్చు దగ్గినట్టు అరుస్తున్నది. మా వెనుక సీటాయన “చెరువు కాడ పులి ఉందట, పోనియ్యండి” అని ఒకటే గొణుగుడు. ఆమె తల కూడ తిప్పలే. బండి లేపిన దుమ్మంతా నేలకు దిగింది. వెదురు లోపట ఎండాకు నలిగిన చప్పుడు. కణుజు ఒకటి తోక నిలబెట్టి, ముందరికాలు నేలకు కొట్టి, ఒక్కసారి గట్టిగ అరిచింది. పులే అనుకున్నం. వచ్చినయి రేచుకుక్కలు. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. ఒక్కొక్కటే రోడ్డు దాటుతున్నయి. చివరిది నడుమ నిలబడి, మా దిక్కు చూసి, ఆవులించి పోయింది.

మామ: కొండముచ్చు ఏ దిక్కు చూసి అరిచింది?

మేనకోడలు: కుడి దిక్కు. వెదురు పొద వైపు.

మామ: ఆ రోజు పులిని చూసినవా?

మేనకోడలు: పొద్దుమూకి సఫారీల చూసినం. చెరువు కాడ. ముందర చానా బండ్లు... వీపు కనబడ్డది. ఫొటో ఉన్నది, వెతకాలె.

మామ: పులి కోసం ఫోన్ల వెతకాలె. కుక్క ఆవులించింది మాత్రం నోటికున్నది. నేను చెప్పేది ఇదే. సఫారీ ఎంచుకునుడంటే పార్కును ఎంచుకునుడు కాదు బిడ్డా. “ఇంజిన్ బంద్” అనగలిగే మనిషిని, ఆ మాట చెల్లే కట్టుబాటును ఎంచుకునుడు. అవి రెండుంటే మారా అయినా తాడోబ అయినా ఒక్కటే.

మేనకోడలు: మాట బాగుంది. బుక్ చేసేటప్పుడు దాన్ని ఎట్ల కనుక్కోవాలె? కొటేషన్ల గైడు ధైర్యం అని ఒక గడి ఉండదు కదా.

మామ: కొంత కనుక్కోవచ్చు. కెన్యాల సఫారీ గైడ్ల సంఘం పరీక్షలు పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్ల బ్యాడ్జీలిస్తది. మా గైడుది ఏ మెట్టు అని అడుగు. బండి నడిపేటోడు, గైడు ఒక్కడేనా, ఇద్దరా అని అడుగు. ఆ బండిల మనమేనా, ఇంకెవరన్నా ఎక్కుతరా అని అడుగు. పొద్దున ఎన్నింటికి గేటు దాటుతరు, నడుమ టిఫిన్‌కు వెనక్కి తెస్తరా అని అడుగు. ఎండెక్కినంక సింహం పగలంతా పండుకుంటది. నువ్వు తొమ్మిదింటికి బయలుదేరితే ఎంత మంచి గైడైనా ఏం చేస్తడు?

మేనకోడలు: ఆ లెక్కన క్రూగర్‌కు కూడ ఒక దారి ఉన్నది. పగలు మన కారు. తెల్లారకముందు, పొద్దుమూకినంక, రాత్రి పార్కోళ్లే తమ ఎత్తుబండ్లల్ల గైడుతోని డ్రైవులు తీస్తరు. గేటు మూసినంక బయటోళ్ల కార్లకు అనుమతి లేదు, వీళ్లకే ఉంటది. నడిపేది జీతం మీద ఉన్న పార్కు మనిషి. నువ్వు చెప్పిన జవాబుదారీ అక్కడ ఉన్నట్టే కదా?

మామ: ఉన్నది. కాకపోతే పెద్ద బండి, ఎక్కువమంది. నువ్వు ఆగమంటే ఇంకొకరు పొమ్మంటరు. అయినా ఆ ధరకు మంచి బేరమే. ఇంకా పైసలుంటే పక్కనే సాబీ శాండ్ లాంటి ప్రైవేటు రిజర్వులు. బండి ముందర బానెట్ మీద జాడ పట్టేటోని సీటు. వాడు నేల చూస్తడు, డ్రైవరు తొవ్వ చూస్తడు.

మేనకోడలు: నాకున్న అనుమానం వేరే. ఈ కట్టుబాట్లన్నీ ఎవరిని బయటికి తోసి పెట్టుకున్నయి? కవ్వాల్‌ల మైసంపేట, రాంపూర్ ఊర్లను పులుల అడవి కోసమని లేపి వేరే కాడ ఇండ్లు కట్టిచ్చిన్రు. 2025ల కుమ్రంభీం కన్జర్వేషన్ రిజర్వు అని జీవో 49 తెస్తే ఆదివాసులు లొల్లి చేసిన్రు, సర్కారు దాన్ని నిలిపేసింది. 2022ల టాంజానియాల లోలియోండో కాడ మసాయిలను వాళ్ల మేత భూముల నుంచి కదిలిస్తుంటే పోలీసులతోని కొట్లాట అయింది. మనం చూసే ఖాళీ గడ్డినేల ఖాళీ నేల కాదు మామా.

మామ: ఈ మాట నేను అనాల్సింది, నువ్వు అన్నవ్. తాడ్వాయిల కోయోళ్లతోని పోడు కోసం ఎన్ని తగాదాలు పడ్డనో నాకు తెలుసు. మేడారం ఆ అడవి నడుమనే ఉన్నది. రెండేండ్లకోసారి ఇసుకేస్తే రాలనంత జనం వస్తరు. జాతరకు అడవి తెరుస్తరు, కోయ రైతుకు మూస్తరని వాళ్లు ముఖం మీదనే అడిగేటోళ్లు. నా కాడ జవాబు ఉండకపోయేది.

మేనకోడలు: అందుకే కన్జర్వెన్సీ కాయితం నేనూ మళ్ల తీసి చూసిన. భూమి మసాయిలదే, కౌలు వాళ్లకే. క్రూగర్ ఉత్తరం కొసన మకులేకెల కథ ఇంకా గొప్పది. 1969ల తెల్లోళ్ల సర్కారు వాళ్లను ఊర్ల నుంచి తోలేసింది. 1998ల హక్కు సాధించి భూమి వాపసు తెచ్చుకున్నరు. మళ్ల ఇండ్లు కట్టుకోకుండ, అడవిని అడవిగనే ఉంచి లాడ్జీలకు ఇచ్చి ఆదాయం తీసుకుంటున్నరు.

మామ: కౌలుకు ఒక కష్టం ఉన్నది. 2020ల కరోనా వచ్చింది, టూరిస్టులు ఆగిన్రు, మారాల చానా కాడ కౌలు పైసలు తగ్గించిన్రు. టూరిస్టు వస్తేనే అడవి నిలబడుతదంటే, రాని ఏడు ఆ గడ్డినేల గతేంది?

మేనకోడలు: సర్కారు బడ్జెటు వస్తేనే నిలబడే అడవి గతేంది మరి? మీ బేస్‌క్యాంపులల్ల వాచర్లకు జీతాలు నెలనెలా వచ్చేవా?

మామ: ఆ ఊసెత్తకు.

మేనకోడలు: ఎత్తను. ఇగ ఎప్పుడు పోవాలె చెప్పు. ఎండకాలం సెలవులల్ల అనుకున్న.

మామ: ఏప్రిల్, మే అక్కడ పెద్ద వానలు. నల్లరేగడి యాదికున్నదా? వైల్డ్‌బీస్టులు కెన్యా దిక్కు ఉండేది జులై నుంచి అక్టోబరు దాక. మన దసరా సెలవులు ఆ కొసకు సరిపోతయి.

మేనకోడలు: సద్దుల బతుకమ్మనాడు అమ్మను కెన్యాకు తీసుకపోతా? నువ్వే అడిగి చూడు! రేటు కూడ చూడు. మారా రిజర్వుకు విదేశీయులకు మనిషికి రోజుకు జనవరి నుంచి జూన్ దాక 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాక 200.

మామ: అయితే సంక్రాంతికి పోండ్రి. నది దాటే ఆర్భాటం ఉండది. మారాల సింహం, చిరుత, ఏనుగు ఏడాదంతా ఉండేటివే. బండ్లు తక్కువ, రుసుం సగం. పెద్ద గుంపులు అప్పుడు దక్షిణాన, సెరెంగెటి కొసన ఎన్‌డూటు దిక్కు ఈనడానికి పోతయి. గుంపు లేదని కొందరు దాన్ని డల్ సీజన్ అంటరు. నీకు కావాల్సింది అదే. కెన్యా అయితే ఎల్లో ఫీవర్ టీకా మరువకు. హైదరాబాదుల నారాయణగూడ ఐపీఎంల వేస్తరు, కనీసం పది రోజుల ముందు. అరవై దాటినోళ్లకు ఆ టీకా వెయ్యాల్నా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలె. ముందు వాళ్లిద్దరిని చూపెట్టు, తర్వాత అడ్వాన్సు కట్టు. మలేరియా సంగతి కూడ అప్పుడే అడుగు, క్రూగర్‌ల కూడ ఉంటది.

మేనకోడలు: నువ్వు వద్దన్నోనివి, నాకన్న ఎక్కువ తయారైతున్నవ్.

మామ: వద్దన్నది లిస్టును. ఇంకా ఒక మాట మీద ఉన్న. ముందు ఇక్కడ ఒకసారి చూడు. అమ్రాబాద్‌ల మన్ననూరు నుంచి ఫర్హాబాద్ దాక శాఖోళ్ల సఫారీ ఉన్నది. చెంచు పిల్లలు గైడ్లు. పులి కనబడది, ముందే చెప్తున్న. బావ, అక్క అడవి వినుడు అక్కడ నేర్చుకోని.

మేనకోడలు: పులి కనబడకుండ తిరిగొస్తే బాపు రెండో సఫారీకి రాడు. మన అడవి మీద ప్రేమ అక్కడ నుంచి మొదలైతదని నువ్వు అంటవ్. నాకైతే మందలను కళ్లారా చూసినోనికే ఖాళీ అడవిల చెవి పెట్టే ఓపిక వస్తదనిపిస్తది. అందుకే ముందు ఆఫ్రికా, తర్వాత ఫర్హాబాద్.

మామ: తలకిందుల వరుస.

మేనకోడలు: నీ వరుసల పోయినోళ్లు లక్నవరం కాడనే ఆగిపోయిన్రు కదా మామా. ఇగో, మూడు ఏజెన్సీలకు ఒక్కటే మెసేజ్ పెడుతున్న: “ఒక పార్కు, నాలుగు రాత్రులు, బండిల మేము మాత్రమే. రోజంతా ఏ పెద్ద జంతువూ కనబడకపోతే మీ గైడు ఏం చేస్తడు?”

(జవాబులు రావడానికి టీ తాగేంత సేపు పట్టింది. కన్జర్వెన్సీ వాళ్లు, పేడపురుగుల నుంచి రాబందుల దాకా గైడు ఏమేం చూపిస్తాడో రాసి, గైడు పేరు, బ్యాడ్జీ మెట్టు పంపారు. క్రూగర్ వాళ్లు, మధ్యాహ్నం నీటి మడుగు దగ్గర కట్టిన చాటుగదిలో కూర్చోబెడతామని రాశారు. వ్యాను వాళ్ల దగ్గర నుంచి ఒక్క ముక్క వచ్చింది.)

మేనకోడలు: “అట్లాంటి రోజే ఉండదు మేడమ్. సింహం గ్యారంటీ.”

మామ: ఆ కాయితం ఇటియ్యి, పక్కన పెడత. సింహాన్ని ఖాయం చేసినోడు దాన్ని తన టైముకు నిలబెట్టాలె. ఎట్ల నిలబెడతడో ఉమ్రేడ్‌ల చూసినం.

మేనకోడలు: రెండు మిగిలినయి. ఒకటి ఖరీదు, ఒకటి దూరం. బాపును అడుగుత. నువ్వు మాత్రం బండ్లు తక్కువున్నదానికే మొగ్గుతవని నాకు తెలుసు.

మామ: నాకేమన్న సీటు ఉన్నదా ఆ బండిల?

మేనకోడలు: ఉన్నది. గైడు ఇంజిన్ బంద్ చేస్తే నువ్వు ఉపన్యాసం మొదలుపెట్టనని ఒప్పుకుంటే.